ఎవరి తలకెంత మోత
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం)



కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు వినగానే సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ‘కవిత్వతత్త్వ విచారము’ గుర్తొస్తుంది. విశ్వవిద్యాలయాల వాళ్ళకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షుడు గుర్తొస్తాడు. చిత్తూరు వాళ్ళకు ఊళ్ళో కలిసిపోయిన కట్టమంచి, అక్కడి చెరువు గుర్తొస్తాయి. ఆయన తెలుగులో అర్థశాస్త్రం మీద పుస్తకం రాసిన తొలితరం మనిషి అన్న సంగతి మాత్రం ఆయన అభిమానుల్లోనే చాలామందికి పట్టదు. అందుకే ఈ ఏడాది పన్నుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. సాహిత్యం వినడానికి వచ్చినవాళ్ళకు ఇంటిపన్ను వినిపిస్తే మధ్యలో లేచిపోతారేమోనని వాళ్ళ భయం. రామలింగారెడ్డి గారి సాహిత్యంలోంచే మొదలుపెడతాను, కూర్చోండి.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ఆయన ‘ముసలమ్మ మరణము’ రాశారు. కథ అనంతపురం సీమది. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతుంది. ఊరు మునిగేట్టుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే కట్ట నిలుస్తుందని దైవవాక్కు. ఆమె ఒప్పుకొని వెళ్ళి గండికి ప్రాణం ఇస్తుంది. మనం దీన్ని త్యాగం కథగా చదువుకున్నాం, పిల్లలకు అలాగే చెప్పాం. ఒక్కసారి జమాఖర్చుల కథగా చదివి చూడండి. చెరువు ఊరందరిది, ఆయకట్టు అందరిది. గండి పడేటప్పటికి మోత ఒక్క ఇంటిమీద పడింది. ఆ ఇంట్లోనూ మామ మీద పడలేదు, కొడుకుల మీద పడలేదు, అందరికంటే చిన్న కోడలి మీద పడింది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుందనే కవి చెప్పాడు. ఒప్పుకోనంటే ఊరు ఊరుకునేదా అన్నది కావ్యం అడగని ప్రశ్న. అంతకుముందు పదేళ్ళుగా ఆ కట్టకు మట్టి వేయవలసినవాళ్ళు ఎవరు, వేయనివాళ్ళు ఎవరు అన్నది కూడా అడగదు. కావ్యానికి ఆ అవసరం లేదు. అర్థశాస్త్రానికి ఉంది.

ఆ రెండో ప్రశ్నకు మన చిత్తూరు సీమలో ఒక పాత జవాబు ఉండేది. అప్పట్లో మన సీమ కలిసి ఉన్న కడప, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల్లో చెరువు తవ్వించినవాడికో, దాని మరమ్మతు తలకెత్తుకున్నవాడికో ఆ చెరువు కింద కొంత భూమిని ఇనాముగా ఇచ్చేవాళ్ళు. అదే దశబంధం. ఆ భూమి తింటున్నంతకాలం కట్ట, తూము, మరవ చూసుకోవడం అతని పూచీ. దానికి తోడు రైతులు ఏటా తలా ఇంత అని మట్టి వేయడం, కాలువల పూడిక తీయడం కుడిమరామతు. దీన్నొక బంగారు కాలంగా చెప్పేవాళ్ళున్నారు. మట్టి తట్ట నిజంగా ఎవరి నెత్తిన ఉండేదో, ఏ వాడ వాళ్ళను వెట్టికి పిలిచేవాళ్ళో మరిచిపోతే తప్ప అలా చెప్పలేం. అయినా అందులో ఒక గుణం ఉంది. ఎవరు ఏం తింటున్నారు, బదులుగా ఏం మోస్తున్నారు అన్నది ఊరందరి కళ్ళముందు ఉండేది. దేవుడి సొమ్ముకూ ఇలాంటి లెక్కే ఉండేది. విజయనగర కాలపు తిరుమల, తిరుపతి శాసనాల్లో భక్తుడిచ్చిన ద్రవ్యంతో దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, అలా పెరిగిన పంటలోంచి నైవేద్యం జరిపించే ఏర్పాట్లు చాలా కనిపిస్తాయి. అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టయిన్ ఈ సంగతి మీదే ప్రత్యేకంగా రాశాడు. ఏ డబ్బు ఏ కాలువకు పోయిందో రాతిమీద చెక్కి గుడి గోడకు పెట్టారు. ఇవాళ్టి బడ్జెట్ పుస్తకాలు అంత సుళువుగా చదవనిస్తాయా అంటే నాకు అనుమానమే.

ఈ ఏర్పాటు కంపెనీ చేతికి రాగానే మారిపోయింది. మదనపల్లె, వాయల్పాడు సీమ 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలతో వచ్చింది. చిత్తూరు, తిరుపతి 1801లో ఆర్కాటు నవాబు నుంచి వచ్చాయి. దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో పొలం పొలం కొలిపించి శిస్తు కట్టాడు. 1807లో వెళ్ళిపోయేముందు ఆయనే ఈ శిస్తు ఎక్కువ, నాలుగోవంతు తగ్గించండి అని పైవాళ్ళకు రాశాడు. పైవాళ్ళు తగ్గించలేదు, వాళ్ళ ఖజానా ఇబ్బంది వాళ్ళకుంది. ఆ మన్రోనే 1820లో మద్రాసు గవర్నరయ్యాక గానీ తగ్గింపు అమలు కాలేదు. ఆలోపు దివాలా తీసిన రైతు ఏ జాబితాలోనూ లేడు. తిరుపతి గుడి రాబడిని కర్ణాటక యుద్ధాల కాలంలోనే నవాబు కంపెనీకి తనఖా పెట్టాడు. 1801 తర్వాత కంపెనీయే నేరుగా వసూలు చేసుకుంది. 1803లో కలెక్టర్ స్ట్రాటన్ గుడి ఆదాయ వ్యయాల మీద నివేదిక తయారుచేశాడు. 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేదాకా కొండమీది మొక్కుబడులు సర్కారు రాబడిలో ఒక పద్దు. మొక్కుకున్నవాడికి తాను పన్ను కడుతున్నట్టు తెలియదు. ఈ తెలియకపోవడం అన్న మాటను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఎండగట్టిన ఆ కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలతో పాటు మన ఉత్తర ఆర్కాటును కూడా పీల్చేసింది. దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా చనిపోయారన్నది చరిత్రకారులు సాధారణంగా చెప్పే లెక్క. ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడం అన్నది ఎంతదాకా పోగలదో తెలుసుకోవాలంటే ఈ మూడేళ్ళను మించిన పాఠం లేదు కాబట్టి కొంచెంసేపు ఇక్కడే ఆగుతాను.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు. అదే నెలలో వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. పని ఒకటే, కరువు ఖర్చు అదుపు చేయడం. టెంపుల్ చరిత్ర తమాషాగా ఉంటుంది. 1873, 74 బిహారు కరువులో ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంచి జనాన్ని బతికించాడు. మెచ్చుకోవలసింది పోయి దుబారా చేశాడని తిట్టారు. తిట్లు తిన్న మనిషి ఇక్కడికి వచ్చేసరికి మారిపోయాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలు అన్నాడు. పౌనంటే అరకిలోకు తక్కువ. అంతకుముందు ఇస్తున్నది పౌనున్నర. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. పనిచేసే మనిషి ఆ తిండితో బతకడని, అలా తిన్నవాళ్ళ ఒళ్ళు ఏమైపోతున్నదో లెక్కలతో సహా రాశాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆలోపు ఆ తక్కువ కూలి మూలంగా ఎందరు పోయారో విడిగా లెక్క లేదు.

కరువు తగ్గుముఖం పట్టాక అసలు సంగతి మొదలైంది. మళ్ళీ కరువొస్తే ఖర్చుకని ఏడాదికి కోటిన్నర రూపాయల నిధి కావాలన్నారు. కావాలి, కాదనేవాళ్ళెవరు? ఆ కోటిన్నర ఎవరి దగ్గర తీయాలన్న చోట చూడండి. వ్యాపారాల మీద, చేతివృత్తుల మీద లైసెన్సు పన్ను వేశారు. చిన్న కొట్టువాడు, చేతిపనివాడు కట్టాలి. సర్కారు ఉద్యోగులకు, వకీళ్ళవంటి వృత్తుల వాళ్ళకు మినహాయింపు. ఉప్పు సుంకం లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. అన్ని రాజధానుల్లో సుంకం సమానం చేస్తున్నామన్న పేరుతో, కరువు పడ్డ మద్రాసు, బొంబాయిల్లో మణుగుకు రూపాయి పదమూడు అణాలు ఉన్నదాన్ని రెండున్నర రూపాయలు చేశారు. కరువు అంతగా తాకని బెంగాల్లో కొంచెం తగ్గించారు. సమానం చేయడం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తుకొస్తుంది. కరువు నిధి పేర వసూలైన డబ్బు కరువుకే వాడతామని ఇచ్చిన మాట కూడా నిలవలేదు. 1878లో మొదలైన ఆఫ్ఘన్ యుద్ధం దాన్ని మింగింది.

సరిగ్గా ఆ తర్వాతి తరంలో ఇంగ్లండులో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి. 1909లో వృద్ధాప్య పింఛన్లకు, యుద్ధనౌకలకు డబ్బు చాలక ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ పెద్ద ఆదాయాల మీద సూపర్ టాక్సు, భూముల విలువ మీద పన్ను ప్రతిపాదించాడు. భూస్వాములతో నిండిన ప్రభువుల సభ బడ్జెట్‌ను తిప్పికొట్టింది. రెండు ఎన్నికలయ్యాక, 1911లో, ఆ సభకు బడ్జెట్‌ను అడ్డుకునే అధికారమే తీసేశారు. రెండు చోట్లా ప్రభుత్వం బ్రిటిష్‌దే, రెండు చోట్లా సమస్య డబ్బు చాలకపోవడమే. అక్కడ మోత పైకి ఎక్కింది, ఇక్కడ కిందికి దిగింది. రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో ఉన్న రోజుల్లో అక్కడ అర్థశాస్త్రం చెబుతున్నది ఆల్‌ఫ్రెడ్ మార్షల్. మోతలో న్యాయం గురించి ఆ బోధనల్లో చాలా ఉంది. అయితే ఉత్తర ఆర్కాటు చేతిపనివాడికి లేనిది సిద్ధాంతం కాదు, ఓటు.

ఇప్పుడు మనకు ఓటుంది. డెబ్బై ఏళ్ళకు పైగా ఉంది. మరి మోత పైకెక్కిందా? నా అభిప్రాయంలో అది పైకీ ఎక్కలేదు, పూర్తిగా కిందికీ దిగలేదు. కనబడకుండా పోయింది. ఓటు లేనివాడి మీద పన్ను బాహాటంగా వేస్తారు. ఓటున్నవాడి మీద, అతనికి తెలియకుండా వేస్తారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలినదంతా దీనికి రుజువులు.

1996లో రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం వచ్చింది. ఖజానా ఖాళీ అని చెప్పి రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేశారు, కరెంటు చార్జీలు పెంచారు. మరుసటేడు మద్యనిషేధం ఎత్తేశారు. సారా వద్దని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం 1995లో నిషేధం తెచ్చింది, రెండేళ్ళకే రాబడి దాన్ని ఓడించింది. 2000లో మరోసారి కరెంటు చార్జీలు పెంచితే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ రోజు నుంచి మన రాష్ట్రంలో చార్జీ పెంచుతున్నామని ఎదురుగా నిలబడి చెప్పడానికి అన్ని పార్టీల వాళ్ళూ జంకుతున్నారు. పెంచడం మానేశారా? మార్గాలు మార్చారు.

ఆ మార్గాల్లో ఒకదాన్ని మొదలు నుంచి చివరిదాకా చూపిస్తాను, ఎందుకంటే అది తిరుపతి గడపల దాకా వచ్చింది. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల ఆదాయపు పన్నును 30 శాతం నుంచి 22కు తగ్గించింది. ఏడాదికి లక్షా నలభై అయిదు వేల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థికమంత్రే చెప్పారు. ఆర్నెల్లకు కరోనా. 2020 మేలో పెట్రోలు మీద లీటరుకు పది, డీజిలు మీద పదమూడు రూపాయలు పెంచారు. ఆ పెంపు సెస్సు, ప్రత్యేక సుంకాల రూపంలో ఉంది గనుక రాష్ట్రాలకు అందులో వాటా రాదు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకివ్వాలని ఫైనాన్స్ కమిషన్ చెప్పిన 41 శాతం వాటా సెస్సులకు వర్తించదు మరి. చేతిలో డబ్బులేని రాష్ట్రాలకు అదే నెలలో కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. రాష్ట్ర ఉత్పత్తిలో మరో రెండు శాతం దాకా అప్పు చేసుకోవచ్చు, కొంత భాగానికి మాత్రం షరతులున్నాయి. వాటిలో ఒకటి మున్సిపాలిటీల్లో ఇంటిపన్నును రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టడం, నీటికి, మురుగుకు వినియోగ రుసుములు పెట్టడం. ఆ షరతు అందరికంటే ముందు తీర్చిన రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. అందుకు మనకు దొరికింది 2,525 కోట్లు అదనంగా అప్పు చేసే అనుమతి. డబ్బు కాదు సుమా, అప్పు చేసే అనుమతి.

2021 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను అద్దె విలువ బదులు మూలధన విలువ మీదికి మారింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంటికి ఏడాదికి యాభై రూపాయలే. ఆ ఏడే చెత్త పన్నూ వచ్చింది, ఇంటికి నెలకు నూటఇరవై దాకా. అంటే ఢిల్లీలో కంపెనీలకు ఇచ్చిన సడలింపుకూ, తిరుపతి గాంధీరోడ్డు వెనక సందులో ముసలాయన కట్టే చెత్త పన్నుకూ మధ్య ఒక దారి ఉంది. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక ప్రభుత్వం నిలబడి, ఇది మా నిర్ణయం కాదు, పైవాళ్ళ షరతు అని చెప్పగలదు. అదే ఆ దారి గొప్పతనం.

నేను మూలధన విలువ పద్ధతికి వ్యతిరేకిని కాను. ఈ మాట కొందరికి రుచించదు. అద్దె విలువ పద్ధతిలో పలుకుబడి ఉన్నవాడి ఇంటి అద్దె ఎప్పుడూ తక్కువే. బైపాసు పక్కన పెద్ద స్థలంలో మేడ కట్టుకున్నవాడు ఎక్కువ కట్టడమే న్యాయం. చిక్కు పాత ఊళ్ళో ఉంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో తాతల నాటి ఇంట్లో పింఛను మీద బతికే దంపతులుంటారు. స్థలం ధర కోట్లలో పలుకుతుంది, చేతిలో ఆడే డబ్బు వేలల్లోనే. కాగితం మీద వాళ్ళు శ్రీమంతులు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇలాంటి వృద్ధులు ఇంటిపన్నును వాయిదా వేసుకుని, ఇల్లు అమ్మినప్పుడో చేతులు మారినప్పుడో కట్టుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మన చట్టంలో అలాంటి వాయిదా పెట్టడానికి బ్రహ్మవిద్యేమీ అక్కర్లేదు. ఎవరూ అడగలేదు, ఎందుకంటే గొడవంతా పెంచారా తగ్గించారా అన్నదాని మీదే నడిచింది.

చెత్త పన్ను 2024 చివర్లో రద్దయింది. సంతోషించాం. చెత్త పన్ను పోయింది గానీ చెత్త పోలేదు. తెల్లవారుజామున బండి రావాలి, తోలేవాడికి, ఎత్తేవాళ్ళకు జీతం ఇవ్వాలి. ఆ డబ్బు ఇక ఏ పద్దులోంచి వస్తుందో రద్దు ప్రకటన చెప్పలేదు, మనమూ అడగలేదు. పన్ను వేసినప్పుడు ఎవరు కట్టాలని అడిగేవాళ్ళం, తీసేసినప్పుడు ఎవరు మోయాలని అడగడం లేదు. పన్నులన్నీ రద్దు చేసే నాయకుణ్ణి చూస్తే నాకు పన్నులు పెంచేవాడి కంటే ఎక్కువ భయం.

మోసేవాళ్ళు ఎవరో 2020 మార్చి 31న వచ్చిన జీవో 26 ఒకరకంగా బయటపెట్టింది. కరోనా మూలంగా జీతాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులకు నూటికి నూరు. అఖిలభారత సర్వీసు అధికారులకు అరవై శాతం. మిగతా ఉద్యోగులకు యాభై. నాలుగో తరగతి వాళ్ళకు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు పదిశాతం. నాకు నచ్చిన జీవోల్లో ఇదొకటి. పైన ఎక్కువ, కింద తక్కువ, కాగితం మీద స్పష్టంగా ఉంది. పింఛన్లు కూడా సగం ఆపడం మాత్రం తప్పే. హైకోర్టు ఆ బకాయిలు పన్నెండు శాతం వడ్డీతో ఇవ్వమంది, సుప్రీంకోర్టు 2021లో దాన్ని ఆరుకు తగ్గించింది. జీతం, పింఛను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని తేలింది. మంచిదే. ఆ హక్కు ఎవరిదాకా వెళ్ళి ఆగిందో చూడండి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు సమ్మెకు దిగారు. అప్పటికి వాళ్ళకిస్తున్నది నెలకు పదకొండువేల అయిదువందలు, దాని పేరు జీతం కూడా కాదు, గౌరవ వేతనం. నలభై రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యలో వాళ్ళమీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సర్వీసు అని చట్టం చెబుతుంది, అత్యవసరం అయినవాళ్ళకు తగ్గ జీతం మాత్రం చెప్పదు. అదే నెలలో మున్సిపల్ కార్మికులూ సమ్మెకు దిగారు. రాష్ట్రానికి డబ్బు చాలనప్పుడు మొదట ఆలస్యమయ్యేది ఎవరి జీతమో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఖర్చు తగ్గింపు అంటే బడ్జెట్ ప్రసంగంలో చదివేదే అనుకుంటాం. నెల పదో తారీకు దాటినా పడని జీతమూ ఖర్చు తగ్గింపే, దానికి శాసనసభ ఓటు అక్కర్లేదు.

కరెంటు మాట చెప్పకుండా తిరుపతిలో ఎవరూ ఉపన్యాసం ముగించలేరు. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 2024 అక్టోబరులో విద్యుత్ నియంత్రణ మండలి 2022–23 సంవత్సరానికి ఇంధన సర్దుబాటు కింద 6,072.86 కోట్లు రాష్ట్రంలో వసూలు చేసుకోమంది. ఆ తర్వాత 2023–24కు మరో 9,412.50 కోట్లు. వాడి, కట్టి, మరిచిపోయిన కరెంటుకు రెండేళ్ళ తర్వాత బిల్లు. 2024లో వచ్చిన ప్రభుత్వం అది పాతవాళ్ళ పాపం అంది. ఆ మాట ఒక లెక్కన నిజమే. అద్దెకుండి ఖాళీ చేసి వెళ్ళినవాడు వాడిన యూనిట్లకు కొత్తగా దిగినవాడు కట్టడం ఏ న్యాయశాస్త్రంలో ఉందో మాత్రం తెలియదు.

అలాగని ఉచిత కరెంటును తిట్టేవాళ్ళతో నేను చేయి కలపను. పత్రికల్లో ఆర్థిక క్రమశిక్షణ మీద వ్యాసం వచ్చిందంటే ముందు కత్తి పడేది మా జిల్లా రైతు బోరు మీదే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆనకట్ట సర్కారు కట్టింది, కాలువ సర్కారు తవ్వింది, మరమ్మతు సర్కారుది. 1996లో సవరించినప్పుడు పెద్ద ప్రాజెక్టుల కింద తొలి తడి పంటకు ఎకరాకు నీటితీరువా 200 రూపాయలు చేశారు. ఆ నీళ్ళ అసలు ఖర్చుకూ ఈ రెండువందలకూ మధ్య తేడా ఏ బడ్జెట్‌లోనూ ఉచిత నీళ్ళు అన్న పేరుతో కనిపించదు. చిత్తూరు పడమటి మండలాల రైతు తన ఆనకట్ట తానే కట్టుకుంటాడు. వెయ్యి అడుగులు దింపి, నీళ్ళు పడకపోతే పక్కన మరోటి దింపి, పెళ్ళాం నగలు కుదువ పెట్టి. అతనికి సర్కారు నుంచి వచ్చే నీటిపారుదల వాటా అంతా ఆ కరెంటు తీగలోనే ఉంది. దానికి పద్దుంది, అంకె ఉంది, ఏటా పెరుగుతుంది, కాబట్టి దానిమీదే చర్చ. కనిపించే సబ్సిడీ సోమరితనం, కనిపించని సబ్సిడీ అభివృద్ధి. వెయ్యెకరాల పరిశ్రమకు ఇచ్చే రాయితీని ప్రోత్సాహకం అంటారని మరిచాను. బోరుకు కరెంటు ఇష్టమొచ్చినట్టు తోడితే భూగర్భజలం ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, గట్టి ప్రశ్న. అది డబ్బు న్యాయం కాదు, నీటి న్యాయం, దానికి మరో రోజు కావాలి.

2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు మాత్రం మోత పంపకం ఎలా ఉండాలో ప్రభుత్వం ఒక సూత్రం చెప్పింది. కిలోకు పన్నెండు రూపాయలు, అందులో ఎనిమిది గుజ్జు ఫ్యాక్టరీలు, నాలుగు ప్రభుత్వం. మంచి సూత్రం. ఎవరి వాటా ఎంతో పిల్లవాడికీ అర్థమవుతుంది. ఫ్యాక్టరీలు ఆ ఎనిమిది ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కగలిగారంటే, ఎనిమిది అన్న అంకె ముందే బయట ఉండబట్టే.

తిరుపతికి తనదైన చిక్కు ఇంకొకటుంది. ఈ ఊరికి రోజూ అరవై, డెబ్బై వేల మంది వస్తారు, దర్శనం చేసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు వాడిన నీళ్ళు, పోసిన చెత్త, తొక్కిన రోడ్డు ఊళ్ళోవాళ్ళ ఇంటిపన్ను మీద ఉంటాయి. వాళ్ళ మీద బతికే హోటళ్ళు, టాక్సీలు, కొట్లూ ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి ఊరు నష్టపోతోందని ఏడవడం కూడా సరికాదు. దేవస్థానం 2025–26 బడ్జెట్ 5,258 కోట్లు. 2023 అక్టోబరులో బోర్డు ఏటా బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇస్తామని తీర్మానించింది. భక్తుల సొమ్ము ఊరి రోడ్లకు వేయడమేమిటని గొడవ జరిగింది, ప్రభుత్వం తీర్మానాన్ని ఒప్పుకోలేదు. అదే ఏడు సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు వంతెన ఖర్చులో పెద్ద వాటా దేవస్థానమే పెట్టింది, దాని మీద ఇంత గొడవ రాలేదు. నాకు ఇందులో రెండు పక్షాల వాదనా సగం సగం నచ్చింది. భక్తుడి హుండీ సొమ్ము కార్పొరేషన్ సాధారణ నిధిలో కలిపేయడం తప్పు. అది కంపెనీ 1801లో చేసిన పనికి చుట్టం. అయితే భక్తుడి చెత్త ఎత్తడానికి, భక్తుడి మురుగు శుద్ధి చేయడానికి, ఫలానా పని అని పేరుపెట్టి, లెక్క అచ్చువేసి ఇస్తే అది ధర్మకార్యం కాకపోవడం ఎలా? కాలువ తవ్వించి నైవేద్యం జరిపించిన శాసనాలు ఆ గుడి గోడల మీదే ఉన్నాయి.

రాష్ట్ర విభజన తర్వాత రాయలసీమ, ఉత్తరాంధ్రల్లోని ఏడు వెనుకబడిన జిల్లాలకు ఏటా జిల్లాకు యాభై కోట్లు ఇస్తామని కేంద్రం అంది. మొదట మూడేళ్ళు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో 350 కోట్లు ఖాతాలో వేసి వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బు పోవడంతో చిత్తూరు జిల్లాలో ఏయే పనులు ఆగాయో ఎవరైనా జాబితా వేశారా? ఆగినట్టు కూడా తెలియకుండా ఆగిపోయే పనులే ప్రభుత్వాలకు అన్నిటికంటే చవక.

రామలింగారెడ్డి గారు 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65కు 44తో ఓడిపోయారు. ఓడిపోతానని ముందే తెలుసు అనుకుంటాను. మంత్రులు ఓటు ఎదుట నిలబడి జవాబు చెప్పాలన్న ఆచారం ఆ ఓటమితో మొదలైంది. నేను అంత పెద్ద పని అడగడం లేదు. ఏ స్థాయి ప్రభుత్వమైనా, పన్ను వేసినా, తీసేసినా, ఖర్చు కోసినా, వాయిదా వేసినా, ఆ తీర్మానం కింద మూడు గళ్ళ పట్టిక ఉండాలి. ఎవరి మీద పడుతుంది, ఎంత, ఎన్నాళ్ళు. కుటుంబాలను ఆదాయాన్నిబట్టి అయిదారు తరగతులు చేసి, ఒక్కో తరగతి మీద పడేది ఎంతో రాస్తే చాలు. అధికారులను అడిగితే, అయ్యా, అలా రాస్తే ప్రతి సమావేశంలో గొడవే అన్నారు. గొడవ ఎలాగూ జరుగుతోంది కదా, కోర్టుల్లో, రోడ్ల మీద, అదీ సంగతి అయిపోయిన ఏడాదికి. ముందే జరిగితే ఖర్చు తక్కువ.

దీనికి ఢిల్లీ చట్టం అక్కర్లేదు, అమరావతి జీవో కూడా అక్కర్లేదు. ఇంటిపన్ను డిమాండ్ నోటీసు వెనకపక్క ఖాళీగానే ఉంటుంది. తిరుపతి కార్పొరేషన్‌లో యాభై డివిజన్లు. ఒక్కో డివిజన్‌లో ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఏ పని ఆగింది, ఎవరి జీతం ఎన్ని నెలలు ఆగింది అన్నది అక్కడ అచ్చువేయవచ్చు. చిత్తూరులోనూ యాభై డివిజన్లే. వచ్చే బడ్జెట్ సమావేశానికి రెండు ఊళ్ళలో ఎవరు ముందు వేస్తారో చూస్తాను.